బెజవాడలో పరిగెత్తే చోటు

పరుగు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు షూ గురించి అడుగుతారు. షూ కొన్నాక చోటు గురించి వాపోతారు. వైజాగువాళ్ళకి బీచ్ రోడ్డుంది, హైదరాబాదువాళ్ళకి కేబీఆర్ పార్కుంది, మాకేముందండీ అంటారు. విజయవాడ, ఏలూరు, తెనాలి, భీమవరం, నెల్లూరు, ఏ ఊరివాళ్ళని కదిపినా ఇదే పాట. ఎండ, ఉక్క, ట్రాఫిక్కు, కుక్కలు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయినా ఈ ఊళ్ళలో రోజూ పరిగెత్తేవాళ్ళున్నారు, మంచి చోట్లలోనే పరిగెత్తుతున్నారు. ఆ చోట్లు ఎలా దొరుకుతాయో విజయవాడను పెట్టుకుని చెబుతాను. పద్ధతి పట్టుబడితే మీ ఊళ్ళో మీరే వెతుక్కోవచ్చు.

విజయవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. కొండలు లేవని కాదు. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం, గాంధీ కొండ అన్నీ ఊళ్ళోనే ఉన్నాయి. కానీ చాలా రోడ్లు వాటి జోలికి పోకుండా పక్కనుంచి చదునుగా వెళ్ళిపోతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటితే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. ఆ వేడికి కృష్ణ తడి, కాలవల తడి, డెల్టా మాగాణి తడి తోడవుతాయి.

ఇలాంటి ఊళ్ళో చోటుని వేళ నుంచి విడదీసి చూడకూడదు. ఉదయం 5 గంటల బందరు రోడ్డు ఒక చోటు, 8 గంటల బందరు రోడ్డు ఇంకో చోటు. మొదటిదాంట్లో హాయిగా పరిగెత్తవచ్చు, రెండోదాంట్లో దాటడానికే భయం. కాబట్టి ‘ఎక్కడ’ అని కాకుండా ‘ఏ వేళకి ఎక్కడ’ అని వెతకండి. కొత్త చోటు చూడటానికి ఆదివారం పదింటికి బండేసుకుని వెళ్ళొద్దు. మీరు పరిగెత్తబోయే వేళకే, పనిరోజున, నడుచుకుంటూ వెళ్ళండి. వీధి దీపాల్లో ఏవి వెలుగుతున్నాయి, టీ కొట్టు తెరిచారా, పాలవ్యాన్లు ఎటునుంచి వస్తున్నాయి, మురుగుకాలవ మీద ఏ పలక విరిగింది, కుక్కలు ఎక్కడ పడుకున్నాయి, ఇవన్నీ నడిచినప్పుడే కనిపిస్తాయి. శాటిలైట్ మ్యాపులో చెట్టు కనిపిస్తుంది గానీ దాని కింద పడుకున్న కుక్కల గుంపు కనిపించదు.

వేళ విషయంలో చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. తెల్లవారుజామున గాలిలో తేమ శాతం ఎక్కువ కదా, సాయంత్రమే మంచిది కాదా అని. గాలి చల్లబడినకొద్దీ తేమ శాతం అంకె పెరుగుతుంది, అంతమాత్రాన గాలిలో నీరు పెరిగినట్టు కాదు. మన ఒంటికి లెక్కలోకి వచ్చేది, గాలిలో నీరు నిజంగా ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లలో చాలావాటిలో అది ఉంటుంది. అది 24 డిగ్రీలు దాటిందంటే చెమట కారడమే తప్ప ఆరడం కష్టం. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కోస్తాలో వేసవి, వానాకాలం చాలా రోజులు ఆ అంకె దాటే ఉంటుంది. అలాంటి రోజున వేగం గురించి ఆలోచించకండి, వాచీ ఇంట్లో పెట్టేసి పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తండి. ఇక సాయంత్రానికి ఒక చిక్కుంది. తారు రోడ్డు, సిమెంటు గోడలు పగలంతా మింగిన వేడిని పొద్దుగుంకాక కక్కుతాయి. మే నెలలో సాయంత్రం ఆరున్నరకి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. రాత్రంతా కక్కితే గానీ ఆ వేడి తగ్గదు. అందుకే వేసవిలో నా ఓటు సూర్యోదయానికి ముందు గంటకే.

ఆ సూర్యోదయం కూడా ఏడాదంతా ఒకే వేళకి ఉండదు. జూన్ మొదట్లో ఇక్కడ ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది, జనవరిలో దాదాపు ఆరూ నలభై కావాలి. ఏడాది పొడుగునా అలారం ఒకే టైముకి పెట్టుకునేవాళ్ళు రోహిణి కార్తెలో ఎండలోనూ, సంక్రాంతికి చిమ్మచీకట్లోనూ పరిగెత్తుతారు.

ఆలస్యంగా లేచినవాళ్ళకి నీడే దారి. దీనికి కాస్త లెక్క తెలిస్తే చాలు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఎత్తు సుమారు 15 మీటర్లు. మే చివర్లో ఉదయం 7 గంటలకి దాని నీడ 40 మీటర్ల పైనే పడుతుంది, అంటే రోడ్డు మొత్తం దాటి ఎదుటి ఇంటి గోడ ఎక్కుతుంది. 8 గంటలకి అది దాదాపు సగానికి తగ్గిపోతుంది. ఆ నీడ మనకి దక్కాలంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే వీధిలో తూర్పు వరసను ఆనుకుని పరిగెత్తాలి. తూర్పు పడమరలుగా ఉన్న వీధిలో పొద్దున నీడ అంతగా దక్కదు, ఎండ తూర్పుకి వెళ్ళేటప్పుడు కళ్ళలో పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు వీపు మీద. మొగల్రాజపురంలోనో పటమటలోనో మీ ఇల్లుంటే చుట్టూ ఉన్న పది వీధుల్లో ఉత్తర దక్షిణంగా పోయేవి ఏవో చూసుకుని వాటినే కలుపుకోండి. చెట్లలో కానుగ నీడని మించింది లేదు. చైత్రానికి కొత్త ఆకు తొడిగి, ఎండ ముదిరే వేళకి గుబురుగా ఉంటుంది. నిద్రగన్నేరు పెద్ద గొడుగే గానీ రాలిన కాయలు రోడ్డుకి అంటుకుని కాలికి జిగురు తగులుతుంది.

ఇక చోట్ల సంగతి. బెజవాడ అనగానే అందరి నోటా వచ్చేది ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయింది, పొడవు 1223.5 మీటర్లు. అంటే సీతానగరం వైపు వెళ్ళి తిరిగొస్తే రెండున్నర కిలోమీటర్లకి ఓ యాభై మీటర్లు తక్కువ. దూరం కొలుచుకోవడానికి ఇంతకంటే సుళువైన చోటు ఊళ్ళో లేదు. తెల్లవారుజామున దాని మీద కొంచెం సేపు నిలబడితే ఎందుకంత పేరో తెలుస్తుంది. ఎగువ వైపు నీళ్ళు నిండుగా, కదలకుండా ఉంటాయి. దిగువ వైపు ఇసుక మేటలు, మధ్యలో పాయలు, మోకాలి లోతులో వల విసిరేవాళ్ళు. గేటు గేటుకీ కింద నుంచి చల్లటి గాలి వచ్చి చెవి పక్కనుంచి పోతుంది, గేటు స్తంభం అడ్డొచ్చిన చోట ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. డెబ్భై గేట్లు దాటేసరికి చొక్కా సగం ఆరిపోతుంది. నీళ్ళ మీద గాలి కదులుతుంది కాబట్టి ఉక్కరోజున కూడా ఇక్కడ చెమట ఆరుతుంది. ఊరి మధ్య వీధిలో అదే ఉష్ణోగ్రతకి ఆరదు.

అయితే బ్యారేజీ మీద నీడ అన్నది లేదు. పొద్దెక్కితే దాక్కోవడానికి స్తంభం తప్ప ఏమీ ఉండదు. నడిచే దారి ఇరుకు, ఆరున్నర నుంచి అటు గుంటూరు జిల్లా వైపు, ఇటు ఊళ్ళోకి బండ్లు పెరుగుతాయి. వరద రోజుల్లో గేట్లెత్తారంటే చూడటానికి ఊరంతా ఇక్కడే ఉంటుంది, పరుగు మాట మర్చిపోవాల్సిందే. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చినప్పుడు దీని మీద పరుగన్న మాటే లేదు. నా లెక్కలో ఇది వారానికోసారి, ఆదివారం చీకటుండగానే వెళ్ళాల్సిన చోటు. రోజూ వెళ్ళాల్సింది కాదు.

బ్యారేజీ దాటాక ఉండవల్లి వైపు కృష్ణ పక్కనే పోయే కరకట్ట రోడ్డు చాలామందికి ఇష్టం. ఒక పక్క నది, ఒక పక్క తోటలు. దూరం పరిగెత్తేవాళ్ళకి ఊపిరాడే చోటు అదే. కానీ వెళ్ళినంత దూరం వెనక్కి రావాలన్న సంగతి అక్కడ సులువుగా మర్చిపోతాం. వేడి ఊళ్ళో దూరాన్ని లెక్కపెట్టాల్సింది వెళ్ళేటప్పుడు కాదు. వెళ్ళేటప్పుడు చల్లగా ఉంటుంది, కాళ్ళు తేలిగ్గా ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఎండ పెరిగి, సీసాలో నీళ్ళు అయిపోయి, ఇంటికి ఇంకా ఐదు కిలోమీటర్లుంటుంది. అందుకే కట్ట మీదికి ఒంటరిగా వెళ్ళకండి. వెళ్ళినా ఆటోకి సరిపడా డబ్బులు జేబులో పెట్టుకోండి. డబ్బు తడవకుండా చిన్న ప్లాస్టిక్ సంచీ పెట్టుకుంటే ఇంకా మంచిది, చెమటకి మెత్తబడిన నోటు ఆటో అతను తీసుకోడు.

కాలవల గురించి కూడా చెప్పాలి. బ్యారేజీ దగ్గర మొదలై ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊళ్ళోంచి పోతాయి. కాలవ ఉన్నచోట గట్టుంటుంది, గట్టు వెంబడి దారుంటుంది, దారి అడ్డరోడ్లు తక్కువగా నేరుగా పోతుంది. చదును ఊళ్ళో పరుగుకి ఇంతకంటే ఏం కావాలి? కావాల్సింది నీళ్ళు. సార్వాకి నీళ్ళు వదిలిన కాలవ పక్కన పరుగు హాయి. ఎండాకాలంలో కాలవ కట్టేశాక అదే గట్టు మీద ముక్కు మూసుకోవాలి, దోమలు సరేసరి. యనమలకుదురు వైపు బందరు కాలవ గట్టుగానీ, గుణదల నుంచి రామవరప్పాడు దిక్కున ఏలూరు కాలవ వెంబడి గానీ వెళ్ళాలనుకుంటే జులై నుంచి వెళ్ళి చూడండి. కృష్ణలంక వైపు వరద రాకుండా కట్టిన రిటైనింగ్ వాల్ పక్కన కూడా జనం పొద్దున్నే నడుస్తున్నారు. నది గాలి తగులుతుంది, బండ్ల గోల ఉండదు.

ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, కాలేజీ మైదానాలు అందరికీ తెలిసినవే. మట్టి నేల, గేటు, వెలుతురు ఉంటాయి. అనుమతి, వేళలు ముందే కనుక్కోండి, ఎందుకంటే అవి మారుతుంటాయి. నడిచేవాళ్ళు నలుగురు చేతులు ఊపుకుంటూ పక్కపక్కన వెళ్తుంటే వెనకనుంచి ‘సైడ్’ అని అరవకుండా చుట్టు తిరిగి వెళ్ళండి. వాళ్ళు పాతికేళ్ళుగా అక్కడున్నవాళ్ళు.

ఇక అన్నిటికంటే మంచి చోటు, ఎవరూ గొప్పగా చెప్పుకోని చోటు, మీ ఇంటి చుట్టూ ఉన్న చుట్టు. కిలోమీటరు, కిలోమీటరున్నర పొడవుండి, మళ్ళీ మీ గేటు ముందుకే వచ్చే దారి. దాన్ని చిన్నచూపు చూస్తారు, బోరు కొడుతుందంటారు. వేడి ఊళ్ళో మాత్రం దానికి సాటి లేదు. నీళ్ళ సీసా మోయక్కర్లేదు, కాంపౌండ్ గోడ మీద పెడితే ప్రతి చుట్టుకీ ఓ గుక్క. కళ్ళు తిరిగితే ఇల్లు కొద్ది నిమిషాల దూరంలోనే ఉంటుంది. ఎండెక్కితే ఆపేయవచ్చు, వానొస్తే దూరిపోవచ్చు. పది రోజులు తిరిగేసరికి వాచ్‌మన్‌లు, పాలబ్బాయి, ముగ్గులేసే ఆడవాళ్ళు అందరూ మిమ్మల్ని గుర్తుపడతారు. మొదట్లో ‘ఎవరన్నా తరుముతున్నారా అండీ?’ అన్న టీ కొట్టాయనే తర్వాత మీరొక రోజు రాకపోతే మర్నాడు ‘ఏంటండీ, నిన్న కనపళ్ళేదు’ అంటాడు. ఆ మాటలోనే మీ భద్రత ఉంది. మీరు పడిపోతే చూసేవాళ్ళున్నారని అర్థం.

చుట్టు వేసుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, పెద్ద రోడ్డు దాటకుండా ఉండాలి. దాటాల్సిన చోట ఆగి, ఊపిరి తిప్పుకుని, మళ్ళీ మొదలెట్టడం చదును మీద పరుగుకి శత్రువు. రెండు, దిశ మార్చుకుంటూ ఉండాలి. మన రోడ్లు నడుమ ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటాయి. రోజూ ఒకే వైపు తిరిగితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, తుంటి నొప్పో మోకాలి నొప్పో పట్టుకోవచ్చు. రోడ్డు అదే అంచున ఒక రోజు కుడి చుట్టు, ఒక రోజు ఎడమ చుట్టు తిరగండి. బండ్లు తిరిగే వీధిలో అయితే ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన పరిగెత్తమంటారు, మంచి మాటే. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మాత్రం వెనకనుంచే వస్తాయి కాబట్టి రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి.

ఆడవాళ్ళకి చోటు ఎంచుకోవడంలో ఇంకో లెక్క ఉంటుంది, మగవాళ్ళు రాసే పుస్తకాల్లో అది ఒక వాక్యంలో అయిపోతుంది. నిర్మానుష్యంగా ఉన్న అందమైన గట్టు కంటే పూలమ్మేవాళ్ళు, రైతు బజారుకి కూరలు దించేవాళ్ళు, రోడ్లూడ్చే పారిశుద్ధ్య కార్మికులు తిరిగే వీధే మంచిది. నాలుగున్నరకే మేలుకునే వీధులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. గుడి దగ్గరి వీధి, పాల కేంద్రం వీధి, బస్టాండు దగ్గరి వీధి అలాంటివి. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే వేళకి ఒకే చుట్టు తిరగడం మొదలుపెడితే నెల తిరిగేసరికి ఆ వీధి వాళ్ళదవుతుంది. చూపులు, కామెంట్లు ఉండవని చెప్పను. జనం ఉన్నచోట అవి తక్కువ, లేనిచోట భయం ఎక్కువ. రోజూ వెళ్ళే దారిని ఫోన్ యాప్‌లో అందరికీ కనిపించేలా పెట్టకండి, ఇంటి గేటు దగ్గర మొదలై అక్కడే ముగిసే గీత మీ చిరునామా చెప్పేస్తుంది.

ఎత్తు కావాలనుకునేవాళ్ళకి ఫ్లైఓవర్లు కళ్ళకి ఇంపుగా కనిపిస్తాయి. కనకదుర్గ ఫ్లైఓవర్ గానీ బెంజి సర్కిల్ దగ్గరిది గానీ కాళ్ళతో వెళ్ళేవాళ్ళ కోసం కట్టలేదు, జోలికి పోవద్దు. గుణదల కొండ మెట్లు వారానికోసారి ఎక్కండి, పరిగెత్తుతూ కాదు, నడుస్తూ. భక్తులు చెప్పులు వదిలి ఎక్కే చోట మీ వాచీ బీప్‌లు వాళ్ళకి వినిపించకుండా చూసుకోండి.

కుక్కల గురించి అడగనివాళ్ళు లేరు. కుక్క మొరిగితే పరుగు ఆపి నడవండి. కళ్ళలోకి చూడకండి. ఇంకా మీదికొస్తే రాయి తీస్తున్నట్టు వంగండి, చాలా కుక్కలు అంతటితో వెనక్కి తగ్గుతాయి. చేతికి నిజంగా రాయి దొరికినా విసరకండి, రేపు మళ్ళీ ఆ దారినే వెళ్ళాలి. రోజూ అదే వేళకి వెళ్ళేవాణ్ణి కుక్క వారంలో గుర్తుపడుతుంది, అందుకు కూడా ఒకే చుట్టు మంచిది. పన్ను తగిలితే, గీరుకున్నా సరే, సబ్బూ నీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు.

నీళ్ళ విషయానికొస్తే, ఏప్రిల్ రాగానే ఊరంతా చలివేంద్రాలు వెలుస్తాయి. చూసి ధైర్యం తెచ్చుకోకండి, తెల్లవారుజామున ఆ కుండలు ఖాళీగా ఉంటాయి, నింపేది తొమ్మిదింటికి. మీ నీళ్ళు మీరే చూసుకోవాలి. గంట దాటి పరిగెత్తితే ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగండి. వేసవి కొత్తలో ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు మామూలు దూరంలో సగమే చేయండి, బలవంతంగా లాగొద్దు. పరిగెత్తుతుండగా చలిగా అనిపించినా, రోమాలు నిక్కబొడుచుకున్నా, మాట తడబడినా అక్కడే ఆగాలి. నీడకి చేరి నెత్తి మీద, మెడ మీద నీళ్ళు పోసుకోవాలి, పక్కనున్నవాళ్ళని పిలవాలి. అయోమయంగా మాట్లాడుతున్న మనిషిని ‘కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది’ అని వదిలేయకుండా తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అది వడదెబ్బ.

వానాకాలంలో మట్టి దారులన్నీ పోతాయి. డెల్టా నల్లమట్టి షూకి ఒక్కసారి పట్టుకుందంటే అడుగడుక్కీ బరువు పెరుగుతుంది, సిమెంటు రోడ్డు మీది చుట్టే గతి. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అడుగు కనిపించని చోట కాలు పెట్టకండి, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు.

చలికాలం అందరూ పండగ అనుకుంటారు. నిజానికి డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజాము గాలే బాగుండదు. చల్లటి గాలి కిందే పేరుకుని, చెత్త తగలబెట్టిన పొగ, బండ్ల పొగ పైకి పోకుండా వీధిలోనే నిలుస్తుంది. భోగి రోజు సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ రెండు నెలలు వేళ తిరగేయండి. ఏడున్నరకి, ఎనిమిదికి బయల్దేరండి. ఆ వేళకి ఎండ ఒంటికి ఇంపుగా ఉంటుంది, పొగ కాస్త లేస్తుంది. బ్యారేజీ మీద మంచు విడిపోయి అవతలి ఒడ్డు కనిపిస్తుంది. అప్పటికి ఆఫీసు బండ్లు కూడా మొదలవుతాయి కనక వీధి చుట్టునో స్టేడియాన్నో ఎంచుకోండి.